పెరటి మడిలో చిన్న ఉల్లి

కృష్ణానదిలో వరద ఉద్ధృతి తగ్గి, ప్రకాశం బ్యారేజీ గేట్లు ఒక్కొక్కటిగా మూతపడే రోజులివి. మన తాడేపల్లి పరిసరాల్లో మిరప తోటలు పూతకు సిద్ధమవుతున్నాయి. పత్తి చేలలో తొలి కాయలు పగులుతున్నాయి. ఈ నేల మీద శ్రమించే కుటుంబాల ఆలోచనలన్నీ ఆ రెండు పంటల చుట్టే తిరుగుతాయి. గుంటూరు మిర్చి యార్డులో ఈ వారం క్వింటాలు ఎంత పలికిందో కోతకు వెళ్లే ఇల్లాలు కూడా చెప్పగలదు. అదే ఇల్లాలు సాయంత్రం పొయ్యి వెలిగించే ముందు పావుకిలో ఉల్లిపాయల కోసం పిల్లవాణ్ణి కొట్టుకు పంపుతుంది. ఆ ఉల్లిపాయ కర్నూలు నుంచో, మహారాష్ట్ర నుంచో లారీలో ప్రయాణం చేసి వచ్చినది.

2019 డిసెంబరు మాసాన్ని పాఠకులు మరచి ఉండరు. బయటి మార్కెట్లో కిలో ఉల్లి ధర వంద రూపాయలు దాటింది. ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 25 రూపాయలకు విక్రయిస్తే, ఒక్క కిలో కోసం స్త్రీలూ వృద్ధులూ గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు. ఉల్లి లేకుండా వంట సాగదా అంటే సాగుతుంది. కాని కూరకు చాలినన్ని డబ్బులు లేని రోజున ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు నంజుకొని అన్నం ముగించే ఇళ్లు మనలో తక్కువేమీ కావు. ఆ ఇళ్లకు ఉల్లి ధర పెరగడమంటే పళ్లెంలో మిగిలిన ఆ కాస్త రుచి కూడా పోవడమే.

రెండు మంచాలు వేసేంత పెరడు ఉన్న కుటుంబం ఈ కార్తీక మాసంలో చిన్న ఉల్లి నాటుకుంటే సంక్రాంతి నాటికో, ఆ తరువాత పది పదిహేను రోజులకో పంట చేతికి వస్తుంది. దీనినే మనవారు సాంబారు ఉల్లి అంటారు. పెద్ద ఉల్లికీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా రుచిలో కంటే విత్తనంలో ఉన్నది. పెద్ద ఉల్లికి నల్లని విత్తనం కొని, నారు పోసి, ఆరేడు వారాలు పెంచి, పీకి మళ్లీ నాటాలి. ఆ విత్తనం మరుసటి ఏటికి చాలావరకు మొలక శక్తిని కోల్పోతుంది. ఇంట్లో తయారు చేసుకోవడమూ సులభం కాదు. చిన్న ఉల్లికి ఈ బాధ లేదు. పాయే విత్తనం. నేలలో పెట్టిన తల్లిపాయ లోలోపల చీలి, నాలుగు నుంచి ఎనిమిది పిల్లపాయల గుత్తి అవుతుంది. వాటిలో కొన్నింటిని తింటాము, కొన్నింటిని మళ్లీ నాటుతాము. తినేదీ, నాటేదీ ఒకటే కావడం దీని సౌలభ్యం. ఇబ్బంది కూడా అక్కడే ఉన్నది; ఆ మాట తరువాత చెబుతాను.

మన ప్రాంతంలో దీనిని పొలంలో వేసేవారు అరుదు. తమిళనాడులో దిండిగల్, పెరంబలూరు, తిరుచ్చి, నామక్కల్ ప్రాంతాలలో ఇది పెద్ద పంట. కోయంబత్తూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయం కో వరుసలోనూ, మదురై పేరుతోనూ దీనిలో మేలు రకాలను విడుదల చేసింది. విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లో మనకు దొరికే చిన్న ఉల్లి చాలావరకు ఆ వైపు నుంచి వచ్చినదే. మొదటిసారి నాటేవారు విత్తనం కోసం వెదకనక్కరలేదు. ఆ సరుకులోనే ఏరుకోవచ్చు.

ఇంగ్లీషులో దీనిని షాలట్ అంటారు. ఆ పదం పుట్టుక మా విద్యార్థులకు ఎంతో ఇష్టమైన సంగతి. పాలస్తీనా సముద్రతీరంలోని అస్ఖలాన్ రేవు పేరే గ్రీకు, లాటిన్, ఫ్రెంచి భాషల నోళ్లలో అరిగి అరిగి షాలట్ అయింది. క్రీస్తుకు పూర్వపు గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ నాటికే అస్ఖలాన్ ఉల్లికి ప్రత్యేకంగా పేరున్నది. సహీహ్ బుఖారీకి 'ఫత్హుల్ బారీ' అనే మహా వ్యాఖ్యానాన్ని రచించిన హాఫిజ్ ఇబ్ను హజర్ అస్ఖలానీ (హిజ్రీ 773–852) పూర్వీకులది ఆ ఊరే. ఆయన మాత్రం కైరోలో పుట్టి కైరోలోనే పరమపదించారు. ఉల్లి, వెల్లుల్లి తిని మస్జిదుకు రావడాన్ని గురించిన హదీసులకు ఆయన వివరణను పాఠంగా చెప్పేటప్పుడు, వ్యాఖ్యాత పేరులోని ఊరూ, చర్చలోని కూరగాయ పేరులోని ఊరూ ఒకటేనని చెబితే నిద్రమత్తులో ఉన్న పిల్లవాడు కూడా తల ఎత్తుతాడు. అంతమాత్రం చేత ఉల్లి అస్ఖలాన్‌లో పుట్టిందనుకోరాదు. దాని పుట్టినిల్లు మధ్య ఆసియా అని శాస్త్రవేత్తల అభిప్రాయం. కాబూలీ శనగకు కాబూలు పేరు అంటుకున్నట్టే, రేవులో అమ్ముడైన సరుకుకు రేవు పేరు అంటుకుంది.

నాటే వేళ

హిజ్రీ మాసాలు చంద్రమానాన్ని అనుసరిస్తాయి గనుక సౌరమానంతో పోలిస్తే ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతాయి. వేసవిలో వచ్చిన రమజాన్ కొన్నేళ్లకు చలికాలంలో వస్తుంది. ఆరాధనలకు అది నియమం. సేద్యానికి మాత్రం ముస్లిం రైతులు ఏ దేశంలోనైనా సూర్యుని గమనాన్నే ఆధారం చేసుకున్నారు. 10వ శతాబ్దంలో అందలూసియాలోని ఖుర్తుబా నగరంలో అరబ్బీలో ఒక పంచాంగమే వెలువడింది; ఏ నెలలో ఏది విత్తాలో, ఏది కోయాలో అందులో సౌరమాసాల వారీగా ఉన్నది. మన వైపు ముస్లిం రైతు కూడా తాతల కాలం నుంచీ కార్తెల లెక్కే చెబుతాడు. మృగశిరకు దుక్కి, చిత్తకు చిరుధాన్యం అంటూ ఇరుగుపొరుగుతో సమానంగా మాట్లాడతాడు.

చిన్న ఉల్లికి స్వాతి కార్తె చివర, విశాఖ కార్తె మొదట అనువైన కాలం. అంటే నవంబరు మొదటి పక్షం. చిత్త కార్తెలోనే తొందరపడి నాటితే అక్టోబరు వానలు పాయను కుళ్లబెడతాయి. మన నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది. ఆ బురదలో నాలుగైదు రోజులు నానిన పాయ మెత్తబడి వేలి ఒత్తిడికి చితుకుతుంది. డిసెంబరు సగం దాటాక నాటినా లాభం లేదు. పాయ ఊరే సమయానికి ఎండలు ముదిరి, గుత్తి చిన్నదిగా ఆగిపోతుంది. తామర పురుగు బెడద కూడా అప్పుడే హెచ్చుతుంది.

నవంబరులో నాటితే తుపాను రాదని కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో కోతకు వచ్చిన పంటలు నీటిపాలయ్యాయి. అంతటి వాన వచ్చినా నిలిచేది ఎత్తు మడి ఒక్కటే. అందుచేత తేదీ కంటే మడికి ఎక్కువ శ్రద్ధ చూపండి.

చలిదేశాల్లోనూ దీనిని శరత్కాలంలో నాటుతారు. అక్కడ పాయ వేరు పట్టి, మంచు కింద నెలల తరబడి అలాగే ఉండి, మరుసటి వేసవిలో కోతకు వస్తుంది. మన దగ్గర 70 నుంచి 80 రోజుల్లో పని ముగుస్తుంది. ఇంటర్నెట్టులో విదేశీ తోటమాలి చెప్పిన తేదీలను చూసి ఇక్కడ నాటేవారు ఈ తేడాను గమనించాలి.

మడి, నీరు, కాపలా

మడిని నేల మట్టం నుంచి జానెడు ఎత్తు లేపాలి. వెడల్పు రెండు వైపుల నుంచీ చేయి అందేంత ఉంటే చాలు. కాలు మోపకుండా కలుపు తీయవచ్చు. నల్లమట్టి అయితే అందులో మూడో వంతు ఒండ్రు ఇసుక, మరో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పెంట వేయకూడదు. అది వేడి పుట్టిస్తుంది, ఈగ పురుగును పిలుస్తుంది. గుప్పెడు వేపపిండి చల్లుకోవచ్చు. పొయ్యి బూడిదను ఉల్లి మడిలో విరివిగా పోయడం మనవారికి అలవాటు. ఎర్రనేలలో దానివల్ల ఉపయోగం ఉన్నది. మన రేగడి సహజంగానే క్షారగుణం కలది గనుక ఇక్కడ బూడిద తగ్గించడమే మేలు. ఉల్లికి ఘాటునిచ్చేది గంధకం. కొద్దిగా జిప్సం చల్లితే ఆ లోటు తీరడమే కాక నల్లమట్టి కూడా గుల్లబారుతుంది.

విత్తనానికి గట్టిగా, పొడిగా ఉండి, మెడ సన్నగా ఎండిన పాయలను ఎంచుకోవాలి. బొటనవేలి గోరంత వెడల్పు ఉంటే సరిపోతుంది. పెద్ద పాయ పెడితే పెద్ద పంట వస్తుందనుకోవడం పొరపాటు. దానివల్ల విత్తనం ఖర్చు పెరుగుతుంది. పాయ అయిదు గ్రాముల చొప్పున కిలోకు సుమారు 200 తూగుతాయి. వరుసకూ వరుసకూ జానెడు, పాయకూ పాయకూ నాలుగు అంగుళాలు వదిలితే ఆ కిలో విత్తనం నాలుగు చదరపు మీటర్ల మడికి, అంటే నేను చెప్పిన రెండు మంచాల చోటుకు సరిపోతుంది. కొత్తగా కొన్న సరుకు మీద అనుమానం ఉంటే పది పాయలను తడి ఇసుకలో వారం రోజులు ఉంచి చూడండి. ఎనిమిది మొలిస్తే మంచి విత్తనమే. పంట కోసి నెల కూడా కాని పాయ నిద్రావస్థలో ఉంటుంది. అది మొలవలేదని పారవేయకండి, కొంతకాలం ఆగండి.

వేరు ఉన్న వైపు కిందికి, మొన పైకి ఉండేలా పాయను మట్టిలోకి నొక్కాలి. మొన నేల మట్టానికి కనబడీ కనబడనట్టు ఉండాలి. లోతుగా పాతితే కుళ్లుతుంది. నాటిన రోజున ఒక తడి, మూడో రోజున మరొకటి, ఆ తరువాత వారానికొకసారి. మట్టిలో వేలు గుచ్చి తేమ చూసి పోయడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. ఉల్లి వేళ్లు జానెడు లోతుకు మించి పోవు. ఎక్కువ నీరు పోసినా అందుకోలేవు, పైపొర ఎండితే ఓర్చుకోలేవు.

మా మదరసాలో వజూ చేసిన నీరు పూర్వం మురుగు కాలువలోకి పోయేది. ఇప్పుడది ఒక తొట్టిలో చేరి మడులకు పారుతున్నది. ఆ నీటితో మళ్లీ వజూ చేయరాదని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. మొక్కలకు పోయడానికి అభ్యంతరం లేదు. అందులో సబ్బు కలవదు గనుక మొక్కకూ హాని లేదు. అయిదు పూటలా వందమంది వజూ చేసే మస్జిదులో ఎంత నీరు వృథా అవుతున్నదో కమిటీవారు ఒక్క రోజు కొలిచి చూస్తే బాగుంటుంది.

మొదటి పది రోజులు కాపలా అవసరం. ఇంటి కోళ్లు మడిని కెలుకుతాయి. కాకులు మొలకను పట్టుకుని పాయతో సహా పీకుతాయి. విశ్వాసి నాటిన మొక్క నుంచి పక్షి తిన్నది కూడా అతనికి సదఖాగా లిఖించబడుతుందని హదీసు శుభవార్త ఇస్తున్నది. అయితే కాకి ఈ పాయను తినదు, పీకి పక్కన పారేస్తుంది. కాబట్టి మడి మీద నాలుగు తుమ్మ కంపలు పరచడంలో సంకోచం అక్కరలేదు. వేరు పట్టాక తీసివేయవచ్చు.

నెల దాటాక కాడలు జానెడున్నర ఎత్తుకు వస్తాయి. ఖీమాలోకీ, పప్పులోకీ అవి ఎంతో రుచి. ప్రతి మొక్క నుంచీ తుంచుకుంటూ పోతే కింద పాయ ఊరదు. ఒక వరుసను కాడల కోసమే విడిచి, మిగిలిన వాటి జోలికి పోకుండా ఉండడం మంచిది. పచ్చి ఉల్లి తిన్న నోటితో జమాఅత్‌కు రావద్దన్న దైవప్రవక్త (స) ఆదేశం అందరికీ తెలిసినదే. ఉల్లి నిషిద్ధం కాదు. తోటి నమాజీలకు, దైవదూతలకు దుర్వాసన వల్ల కలిగే బాధను నివారించడమే అందులోని ఉద్దేశం. తినదలచినవారు ఉడికించి దాని ఘాటును చంపాలని హజ్రత్ ఉమర్ (రజి) తమ ప్రసంగంలో సూచించారు. కాబట్టి పచ్చికాడల నంజుడు ఇషా నమాజు తరువాతి భోజనానికి పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

మిరప మందు వద్దు

ఈ ఒక్క విషయంలో నేను కాస్త గట్టిగానే చెప్పదలచుకున్నాను. 2021లో నల్ల తామర పురుగు మన మిరప తోటలను ఏ విధంగా ధ్వంసం చేసిందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఉల్లిని పట్టేది దాని జాతిదే మరొక తామర పురుగు. ఆకుల మొదళ్లలో దాగి రసం పీలుస్తుంది. కాడల మీద వెండి చారలు కనబడతాయి. ఆ చారలు చూడగానే ఇంటి మూలన సీసాలో మిగిలి ఉన్న మిరప మందు గుర్తుకు వస్తుంది. ఒక మూత కలిపి కొడితే పోతుంది కదా అనిపిస్తుంది.

ఆ పని చేయకండి. పొలంలో మందు కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని నియమం ఉంటుంది. పెరటి మడిలో ఆ నియమం ఎవరు పాటిస్తారు? ఉదయం మందు కొట్టిన సంగతి తెలియని కోడలు సాయంత్రం కాడలు తుంచుకువస్తుంది. మడి పక్కనే పసిపిల్లలు ఆడుకుంటారు, కోళ్లు తిరుగుతాయి. రెండు మంచాల మడికి అంత విషం అవసరమే లేదు. ఉదయం పూట కాడల మొదళ్లు తడిసేలా నీటిని ధారగా కొడితే సగం పురుగు కొట్టుకుపోతుంది. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి వారానికొకసారి పిచికారీ చేస్తే మిగిలినది అదుపులో ఉంటుంది. నీలిరంగు జిగురు అట్ట ఒకటి మడి మధ్య నిలబెట్టినా మేలే. అసలు మందు సీసాలను ఇంట్లో, పిల్లలకు అందే చోట ఉంచడమే పెద్ద ప్రమాదం.

మంచు, ముసురు పట్టిన రోజుల్లో కాడల మీద ఊదారంగు మచ్చలు వస్తే ఆ ఆకులను తుంచి దూరంగా పారేయాలి. ఒకే మడిలో వరుసగా ఏటా ఉల్లిగాని వెల్లుల్లిగాని వేయకుండా, మధ్యలో రెండేళ్లు తోటకూరో బెండో వేసుకుంటే మొదలు కుళ్లు తెగులు పేరుకోదు.

కోత, నిలవ

కాడలు పసుపుబారి, మెడ మెత్తబడి సగానికి పైగా మొక్కలు వాలిపోయినప్పుడు పంట పక్వానికి వచ్చినట్టు. అంతకు పది రోజుల ముందే నీరు ఆపాలి. పీకిన గుత్తులను కాడలతో సహా నీడలో వరుసగా పరచండి. ఒక వరుస కాడలు ముందు వరుస పాయలను కప్పేలా ఉండాలి. నాలుగైదు రోజుల తరువాత కాడలను జడల్లా అల్లి, గాలి ఆడే వసారాలో వేలాడదీయాలి. బాగా చూసుకున్న మడిలో కిలోకు అయిదారు కిలోలు రావడం కష్టం కాదు. పెరటి పంట మీద ఉష్ర్ చెల్లించాలా అని కొందరు సోదరీమణులు అడుగుతుంటారు. ఇంటి ప్రాంగణంలోని చెట్టు ఫలాలపై ఉష్ర్ లేదని హనఫీ ఫుఖహాలు పేర్కొన్నారు. ఈ చిన్న మడిని కూడా ఆ దృష్టితోనే చూడాలి. పొరుగింటికి పంచడానికి మాత్రం ఏ ఫత్వా అవసరం లేదు.

ఇక ముందు వాయిదా వేసిన మాటకు వస్తాను. జనవరి చివర కోసిన పాయ మళ్లీ నవంబరు దాకా విత్తనంగా నిలవాలంటే తొమ్మిది నెలలు గడవాలి. మే నెల వడగాలికి కొన్ని ఒట్టి పొట్టుగా మిగులుతాయి. జూలై ముసురుకు కొన్ని వేలాడుతూనే మొలకెత్తుతాయి. పూర్వం కట్టెల పొయ్యి మీద దూలానికి కట్టేవారు. పొగ తేమను తరిమేది. గ్యాస్ పొయ్యి వచ్చాక ఆ వసతి పోయింది. తమిళనాడు రైతులకు ఈ సమస్య అంతగా ఉండదు. వారు వేసవిలో ఒకసారి, శరత్తులో ఒకసారి నాటుతారు గనుక పాయ మూడు నాలుగు నెలలకు మించి నిలవ ఉండనక్కరలేదు.

మనం వారిని కొంతమేరకు అనుసరించవచ్చు. జూన్ చివర, తొలకరి తరువాత, దాచిన వాటిలో గట్టిగా ఉన్న పాయలను చూరు కింద కుండీల్లోనో, అడుగున రంధ్రాలు చేసిన పాత బకెట్లలోనో నాటాలి. నేరుగా వాన పడని చోటు, ఉదయపు ఎండ తగిలే చోటు కావాలి. ఈ పంట తినడానికి కాదు. పాయలు చిన్నవిగానే ఊరుతాయి, దిగుబడి కూడా రెండు మూడు రెట్లకు మించదు. సెప్టెంబరులో తీసి ఆరబెడితే నవంబరు నాటికి నిద్ర తీరి, నాటడానికి సిద్ధంగా ఉంటాయి. అయిదారు కుండీలు ఒక ఇంటి విత్తనానికి చాలు.

విత్తనం అప్పు

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే మార్కెట్లో ఉల్లి ధర తరచుగా పెరుగుతుంది. కూలి పనులు పలచబడే వానలు కూడా అప్పుడే. ఇంట్లో మాత్రం విత్తనపు జడలు కళ్లెదుట వేలాడుతుంటాయి. మా వీధిలో మిరప కోతకు వెళ్లే ఒక వితంతువు ఆ రెండు జడలను ఒక సెప్టెంబరులో వండి పిల్లలకు పెట్టింది. పదిహేను రోజులు పని దొరకలేదు, పిల్లలకు జ్వరాలు. ఆకలిగొన్న బిడ్డల ముందు విత్తనాన్ని దాచమని ఏ ధర్మమూ ఆదేశించదు. నవంబరు రాగానే ఆమె పొరుగున ఉన్న ఒకరిని కిలో పాయలు అడిగింది. సంక్రాంతికి కిలోన్నర తిరిగి ఇవ్వాలని వారు షరతు పెట్టారు. పాత రోజుల్లో ధాన్యం మీద నడిచిన 'నాగు' అనే పద్ధతి ఇది. తీసుకున్నదానికి పంట వేళ అదనం కలిపి చెల్లించడం.

ఆమె నా దగ్గరకు వచ్చి, “హజ్రత్, ఒక పాయ పెడితే అయిదారు వస్తాయి కదా, సగం ఎక్కువ ఇస్తే తప్పేమిటి?” అని అడిగింది. అప్పు ఇచ్చినవారి మీద ఆమెకు కోపం లేదు, కృతజ్ఞతే ఉన్నది.

తరగతిలో వడ్డీ అధ్యాయం చెప్పేటప్పుడు ఇంత సూటి ప్రశ్న ఎన్నడూ ఎదురుకాలేదు. అయిదారు పాయలు వచ్చేది నిజమే. అవి ఆమె మడిలో, ఆమె మోసిన నీటితో, అల్లాహ్ దయతో వస్తాయి. డిసెంబరులో తుపాను వచ్చి మడి కుళ్లిపోతే ఒక్క పాయ కూడా రాదు. అప్పుడైనా ఆమె కిలోన్నర బాకీ ఉంటుంది. అప్పు ఇచ్చినవారికి నష్టంలో వాటా ఉండదు. అప్పు మీద షరతుగా పెట్టిన అదనం డబ్బు రూపంలో ఉన్నా, ఉల్లి రూపంలో ఉన్నా రిబాయే. కిలో ఇచ్చినవారు కిలోనే పుచ్చుకోవాలి. లేదా ఇవాళే ఒక ధర నిశ్చయించుకుని అమ్మి, డబ్బు పంట వచ్చాక తీసుకోవచ్చు. విత్తనం నాది, నేలా శ్రమా నీవి, పంట చెరిసగం అనే పాలు ఒప్పందం సరళంగా కనబడుతుంది గాని, హనఫీ ఫిఖ్హ్‌లో ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం ఆ రూపం చెల్లదు. ఇష్టపడితే ఊరకే ఇవ్వవచ్చు. అన్నిటికంటే ఉత్తమం అదే.

కిలోకు కిలో అన్నప్పుడు మరొక చిక్కు ఉన్నది. నవంబరులో ఇచ్చినది ఎండిన పాయ. జనవరిలో పీకిన పచ్చిపాయను అదే తూకానికి తిరిగి ఇస్తే, అది ఆరాక బరువు తగ్గిపోతుంది. అప్పు ఇచ్చినవారు నష్టపోతారు. తాజా ఖర్జూరాన్ని ఎండు ఖర్జూరానికి మారకంగా అమ్మడాన్ని గురించి ప్రశ్న వచ్చినప్పుడు, అది ఎండితే తగ్గుతుందా అని దైవప్రవక్త (స) విచారించి, తగ్గుతుందని తెలుసుకుని వారించినట్లు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఉల్లేఖించారు. అమ్మకం విషయంలో ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం వేరుగా ఉన్నది. ఆ చర్చ తరగతి గదిది. మనకు కావలసిన జాగ్రత్త మాత్రం అందులో ఉన్నది. అందుకే పాయలు పూర్తిగా ఆరిన తరువాత, మార్చి మొదట్లో తూచి ఇవ్వాలని మా వీధిలో నిర్ణయించుకున్నాము.

ఆ ఏటి నుంచి మదరసా వసారాలో ఒక విత్తనపు బుట్ట వేలాడుతున్నది. మిగులు ఉన్నవారు అందులో వేస్తారు. అవసరమైనవారు పుస్తకంలో పేరు రాసి తీసుకుంటారు. తిరిగి వచ్చిన పాయలను జూన్‌లో నలుగురైదుగురు తమ చూరు కింద కుండీల్లో నాటి, సెప్టెంబరులో మళ్లీ బుట్టకు చేరుస్తారు. షరతు లేకుండా, ఇచ్చేవారు తమంతట తాము గుప్పెడు ఎక్కువ కలిపితే అందులో దోషం లేదు. దైవప్రవక్త (స) ఒక లేత ఒంటెను అప్పుగా తీసుకుని, అంతకంటే మేలైన ఒంటెను తిరిగి ఇప్పించారు. మడి కుళ్లిపోయినవారిని ఎవరూ అడగరు. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగేదాకా గడువు ఇవ్వాలన్నది ఖుర్ఆన్ (అల్ బఖరా 2:280) ఆజ్ఞ. అటువంటి పేర్ల పక్కన పుస్తకంలో ఒక చుక్క పెడతాము. మరుసటి ఏడు వారికి విత్తనం ముందుగా ఇస్తాము. మొదట ప్రశ్న అడిగిన ఆ సోదరి రెండో ఏడు కిలో తిరిగి ఇచ్చి, తరువాతి జూన్‌లో మూడు కుండీలు తన చూరు కిందికి తీసుకువెళ్లింది.

ఈ వ్యాసం రాస్తున్న నాటికి బుట్టలో ఎనిమిది కిలోలు ఉన్నవి. ఆరు కిలోలకు పేర్లు పడ్డాయి. స్వాతి వాన తెరిపి ఇచ్చిన తరువాత వచ్చే మొదటి శుక్రవారం, జుమా నమాజు ముగిశాక తూచి ఇస్తాము. తీసుకునేవారు మడి ముందే లేపి ఉంచుకోవాలి.